బీరువా తలుపు మీద బాపు

బ్యాంకు పరీక్ష కోసం అబిడ్స్‌లో కోచింగ్‌కు వెళ్లే రోజుల్లో ఇంగ్లీషు సారు మాకొక చిట్కా చెప్పాడు. కష్టమైన మాటను బట్టీ కొట్టొద్దు, తెలిసిన మనిషికి తగిలించండి, చచ్చినా మరిచిపోరు అన్నాడు. అర్థం మాత్రం రాయకూడదు, మనిషిని చూస్తే అదే గుర్తుకు రావాలి. ఫోన్‌లో యాప్‌లు ఎన్ని ఉన్నా నాకు ఈ పద్ధతే పట్టుబడింది. ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత పదాల పుస్తకం ముందేసుకుని చుట్టాల పని పట్టాను. చీటీ మీద ఇంగ్లీషు మాట, కింద తెలుగులో మనిషి. పార్సిమోనియస్ అంటే పిసినారి, అది మా పెద్దమ్మ. గారులస్ అంటే వాగుడుకాయ, అది మా మేనమామ. నాంపల్లిలో మా రెండు గదుల కిరాయి ఇంట్లో బీరువా తలుపు నిండా అన్నం మెతుకులతో అంటించిన చీటీలే. ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది నాకొక్కదానికే, ఇక భయమేముంది?

మా బాపు దగ్గర్లోనే ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. ఒకరోజు స్నేహితురాలితో ఆ దారిన వస్తుంటే గేటు దగ్గర కనిపించాడు. చంకలో ఆఫీసరు బ్యాగు, ఒక చేతిలో ఆయన టిఫిన్ డబ్బా, ఇంకో చేత్తో కారు తలుపు తీసి పట్టుకుని నడుము వంచి నిలబడ్డాడు. ఆ ఆఫీసరు ఈయన వైపు చూడనైనా లేదు.

"మీ నాన్నేనా?" అంది స్నేహితురాలు.

నాకు తల కొట్టేసినట్టయింది. అసలే ముక్కు మీద కోపం. ఇంటికొచ్చి పుస్తకం తిరగేసి, సరిగ్గా సరిపోయే మాట వెతికి మరీ రాశాను: అబ్సీక్వియస్. పెద్దవాళ్ల ముందు అక్కర్లేకపోయినా వంగి వంగి దండాలు పెట్టే మనిషి. కింద 'బాపు' అని రాసి అంటించాను. మాట ఒక్కరోజులో వచ్చేసింది. మళ్లీ ఆ చీటీ వైపు చూడాల్సిన పని పడలేదు.

రెండు నెలల తర్వాత బాపు కళ్లజోడు మరిచిపోయి వెళ్తే ఇద్దామని ఆఫీసుకు వెళ్లాను. ఆయన ఏదో పని మీద బయటికి వెళ్లాడు. సూపరింటెండెంట్ మేడం నన్ను దగ్గరికి పిలిచింది.

"బీరువా మీద ఇంగ్లీషు రాసేది నువ్వేనా బిడ్డా?"

గర్వంగా తలూపాను.

"గా చీటీ తెచ్చి ఆఫీసంతా చూపిచ్చిండు మీ బాపు. నా బిడ్డ నా మీద ఇంగ్లీషుల రాసింది, ఏం రాసిందో జర చెప్పున్రి మేడం అన్నడు."

ఆయనకు ఇంగ్లీషు రాదని ధీమాగా ఉన్నాను గానీ, 'బాపు' అన్న రెండు తెలుగు అక్షరాలు చదవగలడని నాకు తట్టనే లేదు. మేడం ఏదో ఒక మంచి అర్థం కల్పించి చెప్పి ఉండాలని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

"నేను ఏదో చెప్పి తప్పిద్దామనుకున్న. గానీ పక్క సీటాయన ఫోన్ల కొట్టి చూసి, తెలుగుల గట్టిగ చదివిండు. అందరు నవ్విన్రు."

"బాపు ఏమన్నడు?" అని అడిగాను.

"ఆయన గూడ నవ్విండు. సరిగ్గనే రాసింది మేడం, నేను వంగకుంటే అది కోచింగ్‌కు ఎట్ల పోతుండె అన్నడు."

కళ్లజోడు బల్ల మీద పెట్టేసి బయటపడ్డాను. ఈ రెండు నెలలూ ఆయన పొద్దున్నే చాయ్ ఇచ్చి, "లే బిడ్డా, క్లాసుకు టైమైతది" అంటూనే ఉన్నాడు. ఒక్క రోజు ముఖం మాడ్చుకోలేదు. ఆఫీసంతా నవ్విన రోజు కూడా ఇంటికొచ్చి నా పక్కనే కూర్చుని అన్నం తిని ఉంటాడు. అది ఏ రోజో కూడా నాకు తెలియదు.

చీటీ చించేద్దామని ఇంటికి పరుగెత్తాను. అది ఉన్న చోటే ఉంది. మెతుకులతో కాదు, నాలుగు మూలలా టేపు వేసి, ఊడకుండా అంటించి ఉంది.

"గది మీ బాపే అంటిచ్చిండు," అంది అమ్మ. "పరీక్షల గదే అడుగుతరేమో, ఊడిపోతే బిడ్డ మర్చిపోతది అన్నడు."

పరీక్షలో ఆ మాట రానే లేదు.