గడిలో తునికాకు తెర

మా అమ్మ బీడీలు చుట్టేది. తునికాకు కత్తిరించాక మిగిలిన ముక్కలను సాయంత్రం ఊడ్చి పొయ్యిలో వేసేది. ఎల్లారెడ్డి దగ్గరి ఓ ఊళ్ళో, పాత దొరల గడిలో, అలాంటి ముక్కలతోనే ఒక అమ్మాయి కళాప్రదర్శన పెట్టిందని మా షాపుకు వచ్చినాయన చెప్పాడు. నేను బొమ్మల గురించి చదువుకున్నవాణ్ణి కాదు. అయినా ఆదివారం షాపు మూసి బయల్దేరాను.

కామారెడ్డి బస్టాండులో ఎనిమిదింటికి బస్సు దొరికింది. టికెట్ అరవై, లింగంపేట మీదుగా గంటన్నర లోపే ఎల్లారెడ్డి. అక్కడి నుంచి ఆటో, రానూపోనూ రెండు వందలు. డ్రైవర్ ఖాజా నన్ను ఎగాదిగా చూశాడు. "గా చెత్త సూడనీకి కామారెడ్డి నుంచి వచ్చినవా అన్నా? మా ఇంట్ల గంపెడుంటది, రా. టికెట్ గూడ లేదు." దారిలో అతనే చెప్పాడు. ప్రదర్శన పెట్టిన స్వప్న ఆ ఊరి పిల్లే. ఆకు ముక్కలన్నీ దాచిపెట్టి ఇచ్చింది ఆమె నానమ్మ రాజవ్వ. స్వప్న ఎన్నిసార్లు పిలిచినా ముసలామె మాత్రం గడిలో అడుగు పెట్టలేదు. ఇవాళ వస్తానందట.

గడి వసారాలో ఒక రిటైరైన డ్రాయింగ్ మాస్టారు ఎప్పుడో వేసిన మోడరన్ చిత్రాలున్నాయి. ఎరుపు, నలుపు రంగుల్లో కూలీలు, ఎవరికీ ముఖాల్లేవు. నాకేమీ అర్థం కాలేదు. లోపలి హాల్లో దూలం నుంచి నేల దాకా ఆకు ముక్కల తెర వేలాడుతోంది. ప్రతి ముక్కలోనూ బీడీకి కత్తిరించిన మేర ఖాళీ. ఆ ఖాళీల్లోంచి వెనుక కిటికీల వెలుగు వచ్చి, ఒకప్పుడు దొర కూర్చున్న అరుగు మీద పడుతోంది. మళ్ళీ వసారాలోకి వెళ్ళి ఆ ముఖాల్లేని మనుషుల ముందు చాలాసేపు నిలబడ్డాను.

అప్పుడే రాజవ్వ వచ్చింది. చెప్పులు చేతిలో పట్టుకుని పెద్ద దర్వాజ ముందు ఆగిపోయింది. స్వప్న ఎదురెళ్ళింది.

"చెప్పులేసుకోని రా అవ్వా. ఇప్పుడెవలేమంటరు?"

రాజవ్వ దర్వాజ వైపు చూసింది. "మా అమ్మ సచ్చేదాక ఈడ వెట్టి చేసింది. ఎప్పుడు పోయినా ఎనక తల్పు నుంచే పోయింది. నేనొక్కదాన్నే ముందల నుంచి పోతె ఆమె బయటనే ఉంటది బిడ్డా."

స్వప్న ఆమె చేయి పట్టుకుని గోడ చుట్టూ నడిచింది. వెనుక తలుపుకు తుమ్మకంప అడ్డంగా పెరిగి ఉంది. వెంట వెళ్ళిన ఖాజా, నేను కంప లాగేసి తలుపు నెట్టాం. గడప దగ్గర రాజవ్వ చెప్పులు కింద పెట్టి, తొడుక్కుని లోపలికి నడిచింది. తెర వెనుక భాగమంతా దారం ముడులే. ఒక ముడిని వేళ్ళతో తడిమింది. "కుట్టు సక్కగ రాలె," అంది. చేయి మాత్రం తీయలేదు.

మేం తిరుగు ప్రయాణమయ్యేటప్పటికి స్వప్న ముందు దర్వాజకున్న ప్రదర్శన బోర్డు తీసి వెనుక తలుపుకు కడుతోంది. మా అమ్మ పొయ్యిలో వేసిన ముక్కలు దారంతా గుర్తుకొచ్చాయి. అవి కాలేటప్పుడు నేను ఎప్పుడూ చూడలేదు.

వానలు మొదలైతే తెర తీసేస్తారు. వెళ్ళేవారు మధ్యాహ్నం లోపే వెళ్ళండి, వెలుగు బాగుంటుంది. ముందు దర్వాజ తెరిచే ఉంటుంది. మీరు మాత్రం వెనుక నుంచి వెళ్ళండి.