మధిర చుట్టాలు

మా చిన్నప్పుడు... సాయంత్రం అయ్యిందంటే నాకో డ్యూటీ ఉండేది. పత్తి గోడౌను వెనక వసారాలోకి వెళ్లి, పేకాట ఆడుతున్న మా నాన్న ముందు నిలబడి, "నాన్నా, చుట్టాలొచ్చారు" అనాలి.

చుట్టాలూ లేరు, ఎవరూ లేరు. అమ్మ పిలుస్తోందని చెబితే ఆ నలుగురిలో నాన్నకి తలవంపులు కదా... పెళ్లాం పిలిస్తే పరిగెత్తాడని మర్నాడు ఊరంతా నవ్వుతారు. అందుకని అమ్మ కనిపెట్టిన మర్యాద అది. ఆడేవాళ్లందరికీ సంగతి తెలుసు. అయినా ముక్కలు కలుపుతూ, ఏ ఊరి నించి వచ్చారే పాపా అని నన్ను ఆటపట్టించేవాళ్లు. నాకు నోటికొచ్చిన ఊరు మధిర. ఎందుకో తెలీదు, మధిరలో మాకు ఎవరూ లేరు. మళ్లీ మధిర వాళ్లేనా అని నవ్వేవాళ్లు. నాకు ఏడుపొచ్చేది.

నాన్న ఒక్కోసారి లేచేవాడు. ఎక్కువసార్లు ఈ ఆట అవనీ అనేవాడు. ఆ ఆట అయ్యేది కాదు. నేను దోమలు కొట్టుకుంటూ నిలబడేదాన్ని... అప్పటికే అమ్మ చెవుల్లో కమ్మలు పోయి వేపపుల్లలు వచ్చాయి.

నేను ఐదో తరగతిలో ఉండగా, ఊరు వదిలేద్దామని అమ్మ మొండికేసింది. మాది కంచికచర్ల పక్కన ఊరు. మావయ్య నందిగామలో పని చూస్తానన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. విత్తనాలకనీ మందులకనీ ఆ నలుగురూ వారానికి రెండుసార్లు నందిగామ వస్తారట.

"నందిగామ దాటితేనేరా ఈయన మనకి దక్కేది" అంది మావయ్యతో.

అలా జగ్గయ్యపేట వచ్చి పడ్డాం. రెండు గదుల అద్దె వాటా... నాన్నకి ఎరువుల కొట్టులో గుమాస్తా పని.

నాకు కొత్త ఊళ్లో అన్నీ నచ్చాయి. పంపు తిప్పితే నీళ్లు. పక్క వీధిలోనే బడి. కానీ సాయంత్రం ఐదయ్యేసరికి చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చునేదాన్ని. ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, విప్పేయవే అనేది అమ్మ. నేను వినేదాన్ని కాదు. వీధిలో పిల్లలు ఆటకి పిలిచినా కదిలేదాన్ని కాదు. ఏడింటిలోపు నాన్న సైకిల్ బెల్లు వినిపించేది... అప్పుడు విప్పేదాన్ని.

మూడు నెలలు ఇలాగే గడిచాయి. ఒకరోజు ఏడు దాటింది, సైకిల్ రాలేదు. వీధి దీపాలు వెలిగాయి. అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది... ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతోంది. మాకు ఫోన్ లేదు. చివరికి నా వంక చూడకుండానే అంది.

"వెళ్లి... చుట్టాలొచ్చారని చెప్పు."

కొట్టు రెండు వీధుల అవతలే. కాళ్లీడ్చుకుంటూ వెళ్లాను. షట్టరు సగం దించి ఉంది. బయట నాన్న చెప్పులు. లోపల మగవాళ్ల మాటలు, నవ్వులు... అయిపోయింది అనుకున్నాను. ఇంత దూరం వచ్చినా ఇంతేనా అనిపించింది. వంగి చూసే ధైర్యం లేక, ఆ మాట బయటి నించే గట్టిగా చెప్పేశాను.

లోపల మాటలు ఆగాయి. షట్టరు పైకి లేచింది. గోడ ఎత్తున ఎరువుల బస్తాలు... తలకి తువ్వాలు చుట్టుకుని, కనుబొమ్మల దాకా దుమ్ముతో నాన్న. లారీ ఆలస్యంగా వచ్చిందట, హమాలీలు చాలక తనూ బస్తాలు అందుకుంటున్నాడు. పేకముక్క కోసం కొట్టంతా కళ్లతో వెతికాను. ఎక్కడా లేదు.

నాన్న బిగుసుకుపోయాడు. ఆ మాటకి అర్థం అక్కడ మా ఇద్దరికే తెలుసు. షావుకారు గారు పెద్దాయన, పాపం నిజమే అనుకున్నారు. ఏ ఊరి నించమ్మా అని అడిగారు. అలవాటు చొప్పున మధిర అనేశాను.

"చుట్టాల్ని ఇంట్లో కూర్చోబెట్టి ఇక్కడ బస్తాలు మోస్తావేందయ్యా సుబ్బారావూ. వెళ్లు వెళ్లు" అని నాన్నని కోప్పడ్డారు. పైగా పక్క షాపు నించి అరకిలో మైసూర్‌పాకు తెప్పించి నా చేతిలో పెట్టారు, చుట్టాలకని. నాన్న వద్దన్నా వినలేదు.

నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టి నడిపించుకుంటూ వచ్చాడు నాన్న. అమ్మ పంపిందా అన్నాడు. ఊఁ అన్నాను. దుమ్ము రోడ్డు మీదికి పోకుండా షట్టరు దించామని చెప్పాడు... పదేళ్ల పిల్లకి సంజాయిషీ ఇస్తున్నట్టు. నా మనసు ఎంత తేలికైందో చెప్పలేను.

అమ్మ గుమ్మంలోనే ఉంది. నాన్నని తల నించి కాళ్ల దాకా చూసింది. నాన్న పొట్లం అందించి, మధిర చుట్టాలకి పెట్టమన్నారు షావుకారు గారు అన్నాడు. అమ్మకి నవ్వొచ్చింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. అమ్మ అంతగా నవ్వగా నేను అంతకుముందు చూడలేదు.

నవ్వు ఆగాక నాన్న మెల్లగా అన్నాడు.

"ఇంకెప్పుడూ పాపని పంపమాక. ఆలస్యమైతే నేనే కబురు పెడతా."

పెట్టేవాడు కూడా, టీ కొట్టు అతనితో. మళ్లీ ముక్క ముట్టుకోలేదని అబద్ధం చెప్పను... పెళ్లిళ్లలో కూర్చునేవాడు. కానీ భోజనాలకి పిలవగానే లేచేవాడు. ఇక నేనైతే మర్నాడు సాయంత్రమే వీధి పిల్లలతో ఆటకి పోయాను. అమ్మ అన్నానికి కేకేసేదాకా రాలేదు.

ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాను. ఇంట్లో ఎవరు ఆలస్యమైనా, ఎక్కడున్నారో ఫోన్‌లో మ్యాపు మీద చుక్క చూపించేస్తుంది. ఏ పిల్లనీ పంపక్కర్లేదు, ఏ అబద్ధమూ ఆడక్కర్లేదు... హాయిగానే ఉంది. కానీ అంత భయంలోనూ, అంత కోపంలోనూ, నలుగురిలో మొగుడి తల దించకుండా ఇంటికి పిలుచుకున్న మా అమ్మ ఓర్పు... అది ఈ చుక్కలకెక్కడ తెలుస్తుంది.

మీ ఇంట్లో సాయంత్రాలు ఎవరిని పిలుచుకురావడానికి వెళ్లేవాళ్లు మీరు? ఏమని చెప్పి పిలిచేవాళ్లు?...