ఘన్‌పూర్ దాటని గొంతు

మొన్న కంటి పరీక్షకని హనుమకొండ వెళ్తుంటే, దారిలో మా పాత రేడియో కేంద్రం స్తంభాన్ని గ్యాసు మంటతో ముక్కలుగా కోస్తూ కనిపించారు. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ మీడియం వేవ్ కేంద్రం చిన్నదే అయినా, పొద్దున భక్తి పాటలతో మొదలై, మధ్యాహ్నం పత్తి, వరి సంగతులు చెప్పి, సాయంత్రం జానపదాలతో ముగిసేది. డోర్నకల్ వైపు బాగానే వినిపించేది కానీ, ఇటు స్టేషన్ ఘన్‌పూర్ దాటితే ఒట్టి గరగరలే.

డెబ్బయ్యవ దశకం చివర నేను అందులో అనౌన్సర్‌గా చేరాను. కొత్తవాడలో మాది మగ్గాల ఇల్లు. నా గొంతు వచ్చే వేళకు నాన్న మగ్గం ఆపేవాడు, అమ్మ నూలు కండెలు చుడుతూనే చెవి ఇటు పెట్టేది.

ఆ రోజుల్లోనే, పదో తరగతి తప్పిన తమ్ముడు, నాన్న ఏదో మాట అన్నాడని అలిగి, ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. మేము వెతకని చుట్టాల ఇల్లు లేదు. చివరికి తప్పిపోయిన వారి ప్రకటనల్లో వాడిదీ చేర్చారు, అది చదివే వంతు నాకే వచ్చింది. వయసు, రంగు, ఎత్తు, వేసుకున్న చొక్కా, అంతవరకే చదవాలి. ఒక్క మాట కలుపుకోనివ్వమని మా అధికారిని అడిగితే, ఆయన తల వంచుకుని, "రూలు అట్లనే ఉందమ్మా, నా చేతుల్ల ఏం లేదు" అన్నాడు. ఎవరో పరాయి పిల్లవాడి సంగతిలాగా తమ్ముడి ఆనవాళ్ళు చదివి నేను ఇల్లు చేరేసరికి అమ్మ గడపలోనే కూర్చుని ఉంది.

"అక్కనని చెప్పకపోతివి బిడ్డా. అమ్మ ఏడుస్తాందని చెప్పకపోతివి."



కొన్ని నెలలకు, ఎక్కడో పరాయి రాష్ట్రంలో, భీవండి మరమగ్గాల్లో పనిచేసే మా వాడ మనిషి ఒకాయన ఊరికి వచ్చి, తమ్ముణ్ణి అక్కడ ఒక షెడ్డులో చూశానని, ఎంత చెప్పినా రానన్నాడని కబురు చెప్పాడు. నాన్న వెంటనే రైలెక్కి పోయాడు. అప్పటికే వాడు ఆ షెడ్డు వదిలేశాడట, నాన్న ఒంటరిగానే తిరిగొచ్చాడు. నేను డ్యూటీకి బయలుదేరుతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"జర గట్టిగ చదువరాదు బిడ్డా, భీవండి దాక ఇనవడేటట్టు."

గొంతు పెంచితే శబ్దం దూరం పోదని, మా కేంద్రం బలమే అంతని ఎన్ని విధాల చెప్పినా, ఆమె అంతా విని మళ్ళీ అదే అడిగింది. ప్రకటన మరోసారి చదవడానికి అధికారి ఒప్పుకున్నాడు. ఆ రోజు నేను నిజంగానే గట్టిగా చదివాను; అద్దం అవతల నుంచి ఇంజనీరు గొంతు తగ్గించమని సైగ చేస్తూనే ఉన్నాడు.

ఎనభయ్యవ దశకం నడుమ మా కేంద్రాన్ని మూసేశారు. తమ్ముడు ఆ తరువాతే, భార్యనూ పసిబిడ్డనూ వెంటబెట్టుకుని మమ్మల్ని చూసిపోవడానికి వచ్చాడు. అమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది.

"అక్క రేడియోల చెప్పింది ఇన్నవా కొడుకా?"

వాడు నా ముఖంకేసి చూశాడు. వినే వీలే లేదని మా ఇద్దరికీ తెలుసు.

"ఇన్ననే అమ్మా" అన్నాడు, ఆమె సంతోషపడుతుందని.

అమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఇని గూడ రాకపోతివారా" అని మెల్లగా అంది.

ఆ అబద్ధాన్ని మేమిద్దరం వెనక్కు తీసుకోలేకపోయాం. నిజం చెప్పినా అమ్మ అప్పుడు నమ్మేది కాదు.

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు భీవండిలోనే స్థిరపడ్డ తమ్ముడు ఫోను చేస్తే పక్క గదిలో ఉన్నట్టే వినిపిస్తాడు. కానీ వాడి మాటల్లో మన తెలుగు సగానికి పైగా పోయింది, నడుమ నడుమ ఆ ఊరి మాటలు దొర్లుతాయి. తన మనుమలతో మాట్లాడమని వాళ్ళకు ఫోను ఇస్తాడు. గొంతులు ఎంత దూరమైనా చేరే కాలం వచ్చింది కదా అని సంతోషపడబోతాను. ఆ పిల్లలు ఏమంటున్నారో నాకు ఒక్క ముక్కా అర్థం కాదు, అయినా ఊఁ కొడుతూ కూర్చుంటాను.