నా పేరున చెల్లిన చేప అన్నం

మా ఆయన బేకరీలో పొయ్యి దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశారు. పోయి ఐదు నెలలవుతోంది. అక్కడ అందరూ ఆయన్ని పొయ్యి మేస్త్రి అనేవాళ్ళు. ఆ వేడికి కుడిచేతి మీద మోచేతి దాకా ఒక్క వెంట్రుక కూడా మిగల్లేదు. పొయ్యి కాగిందో లేదో చెయ్యి లోపల పెట్టి, అంకెలు లెక్కపెట్టి చెప్పేవారు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటే ముందు నా తప్పే రాయాల్సి వస్తోంది.

సెలవు రోజున ఇంట్లో చేపా అన్నం ట్రేలో పెట్టి కాల్చేవారు. బేకరీలో మూలపడేసిన చిన్న ఒవెన్ అడిగి తెచ్చుకుని, ఊడిన తలుపు బిగించి, వంటింటి కిటికీ పక్కన పెట్టుకున్నారు. చేపను ఉప్పునీళ్ళలో ఉడికించి, చల్లారాక కళ్ళు మూసుకుని ముళ్ళు తీసేవారు.

"కళ్ళు మూసుకుంటే ఎలా కనబడతాయండీ?" అని మొదట్లో నవ్వాను.

"తెల్లటిదాంట్లో తెల్లటిది కళ్ళకి చిక్కదు. వేళ్ళకి చిక్కుతుంది."

తర్వాత వెన్నలో మైదా వేయించి, పాలు పోసి జారుగా కలిపి, మిరియాల పొడి వేసేవారు. ట్రేలో అన్నం, దానిమీద చేప, ఆ పైన ఈ చిక్కబడ్డ పాలు, అన్నిటికన్నా పైన ఎండిన రొట్టె పొడి. అంచుల్లో బుడగలు లేచి, పైన ఎర్రబడితే తీసేవారు.

నా వంట మాత్రం అంతంతమాత్రమే. పెళ్ళయిన కొత్తలో మా ఆడపడుచు, అంటే ఆయన చెల్లెలు, "మా వదిన వంటకి పిల్లి కూడా మొహం తిప్పుకుంటుంది" అని నలుగురిలో అనేది. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని.

ఒకరోజు ఆ అమ్మాయి చెప్పకుండా వచ్చింది. ట్రే అప్పుడే బయటికి తీశారు. రెండుసార్లు పెట్టించుకుని తిని, "ఇదెవరు చేశారన్నయ్యా?" అంది.

"మీ వదినే. ఇంకెవరు?" అన్నారాయన, చేతికంటిన పిండి వీపు వెనక తువ్వాలుకి తుడుచుకుంటూ.

"వదినా, నిన్ను ఉత్తినే అన్నాను" అందా అమ్మాయి. నేను నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవకుండా ఆమె పళ్ళెంలో ఇంకో గరిటె వేశాను.

ఇరవై ఏళ్ళు అలాగే గడిచిపోయాయి. ఆడపడుచు వస్తుందంటే ఆయన ముందే అంతా చేసిపెట్టి, ముందుగదిలో పేపరు పట్టుకుని కూర్చునేవారు. నేను మసిగుడ్డ పట్టుకుని ఒవెన్ ముందు నిలబడేదాన్ని. చుట్టాలు మెచ్చుకుంటే తలూపేదాన్ని. ఆయన పేపరు వెనక నుంచి ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు.

పోయిన నెల ఆ అమ్మాయి వచ్చి, "అన్నయ్యకిష్టమైన ఆ చేప అన్నం ఒక్కసారి చెయ్యవూ వదినా. ఆ వాసన తగిలి ఎన్నాళ్ళయిందో" అంది. ఒంట్లో బాలేదనొచ్చు. అనలేకపోయాను.

అన్నేళ్ళూ పక్కనే ఉన్నా నేను చూసింది ఆయన వీపునే. అన్నం ఎంతవరకు ఉడకనిచ్చేవారో తెలీదు. మెత్తగా ఉడికించేశాను. ముళ్ళు కళ్ళజోడు పెట్టుకుని, కళ్ళు చించుకుని తీశాను.

తినడానికి కూర్చున్నాక ఆ అమ్మాయి అంది, "మా అన్నయ్య అదృష్టవంతుడు. ఇంట్లో చెంచా కదపకుండానే అన్నీ నోటిదాకా వచ్చాయి. మా పిల్లలతో అంటుంటాను, జన్మంతా పొయ్యి దగ్గరే ఉన్నా మీ మామయ్యకి గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదర్రా అని."

నాకు తల కొట్టేసినట్టయింది.

అంతలో ఆమె నమలడం ఆపింది. పంటి సందునుంచి ఒక ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టింది. కాసేపటికి ఇంకొకటి. అన్నం చూస్తే ముద్దయిపోయింది.

"పోనీలే వదినా. నీ మనసు మనసులో లేదు. ఇంక చెయ్యి మాత్రం మాట వింటుందా?"

మళ్ళీ నాకు తప్పించుకునే దారి దొరికింది. అప్పుడు ఆయన ఇచ్చారు, ఇప్పుడు చెల్లెలు ఇస్తోంది. నేను ఊరుకుంటే చాలు.

"ఎప్పుడూ నా చెయ్యి కాదమ్మాయ్. మీ అన్నయ్యే చేసేవారు."

"ఏది?"

"ఇదే. నువ్వు తిన్న మొదటి రోజు నుంచీ."

ఆమె ఒవెన్ వైపు చూసింది. "మరి నువ్వే చేశావని ఎందుకన్నాడు?"

"నువ్వు నన్ను దెప్పకుండా ఉండాలని."

"అన్నయ్య సంగతి సరే. నువ్వెందుకు చెప్పలేదు?"

ఉన్న జవాబు ఒక్కటే. "నువ్వు మెచ్చుకుంటుంటే బాగుండేది" అన్నాను.

"అయితే పిల్లి సంగతి నేను నిజమే అన్నానన్నమాట" అందామె. ఈసారి ఎవరూ నవ్వలేదు. "ఇరవై ఏళ్ళు వాడి చేతి వంట తిన్నాను. బాగుందిరా అన్నయ్యా అని ఒక్కసారి అనలేకపోయాను కదా. అననివ్వలేదు కదా నువ్వు."

ఆమె పళ్ళెంలో ఉన్నదంతా ముళ్ళు ఏరుకుంటూ తినేసింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "పిల్లలకి నేను చెప్పను. చుట్టాలక్కూడా. నువ్వే చెప్పుకో" అంది.

నలుగురిలో నోరు విప్పి చెప్పడానికి నాకు మొహం చెల్లదు. అందుకని రాస్తున్నాను. ఆ చేప అన్నం నాది కాదు. ఆయనది. అందులో ఒక్క ముల్లు ఉండేది కాదు.