ఎర్తింగు లేకున్నా గది చల్లబడుతుంది

ఎర్తింగు వేయించుకోవాలని నేను ఆ ఇంటివాళ్లకు చెప్పలేదు. చెప్పానని తర్వాత ఊరందరి ముందు అన్నాను. ఈ రెండు మాటలూ ముందు రాసి పెడితేనే మిగతాది రాయగలను.

తెలంగాణ వచ్చాక మూడో ఎండాకాలం అది. మహబూబ్‌నగర్‌లో నేను పనిచేసే ఏసీల దుకాణం నన్ను మక్తల్ వైపు పనులు చూసే సూపర్‌వైజరుగా పంపింది. నా కింద ఇద్దరు ఫిట్టర్లు. అమ్మడం సేల్స్‌మన్ పని. అమ్మిన ఏసీని ఇంట్లో బిగించి, నడిపి చూపించి, పైఖర్చులు రాబట్టడం మా పని. దుకాణం ముందు ‘ఫిట్టింగ్ ఫ్రీ’ అని పెద్ద బ్యానరు ఉండేది. మా దృష్టిలో ఫిట్టింగ్ అంటే లోపలి డబ్బాను గోడకు, బయటి డబ్బాను స్టాండుకు బిగించడం, అంతే. స్టాండు, రాగి పైపు, స్టెబిలైజరు, మీటరు నుంచి విడిగా లాగే వైరు, ఎర్తింగు అన్నీ కొన్నవాళ్ల మీదే పడేవి. చిన్న ఇంటికి అది మోయలేని బరువు.

ఆ సంగతి డబ్బా తెరిచాకే చెప్పడం మా పద్ధతి. సీలు తీసిన ఏసీని దుకాణం వాపసు తీసుకోదు. ఒక్కో ఖర్చూ చెబుతూ ఇంటివాళ్ల ముఖాలు చూస్తుండాలి. పైపు లేకుంటే ఏసీ నడవదు. స్టెబిలైజరు లేకుంటే ఆ పల్లెల కరెంటుకు కాలిపోతుంది. అందుకని అవి ముందు, ఎర్తింగు చివర. గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, ఇనుప పైపు దింపి, దాని నుంచి ఏసీ దాకా తీగ తేవాలి. లోపల ఎక్కడైనా వైరు దెబ్బతిని ఇనుప భాగాలకు కరెంటు పాకితే, అది మనిషి మీదికి రాకుండా భూమిలోకి పోయే దారి అదొక్కటే. కానీ అది లేకున్నా గది చల్లబడుతుంది. కాబట్టి ఇంటివాళ్లు ఇక ఇచ్చుకోలేరనిపిస్తే మేము నోరెత్తకుండా వదిలేసే ఖర్చు కూడా అదే.

నర్సింలుది మక్తల్ దగ్గరి పల్లె. కంది, పత్తి వేసే చిన్న రైతు, రేకుల ఇల్లు. తండ్రి కిష్టయ్య పక్షవాతంతో మంచం పట్టాడు. రేకుల వేడికి వీపు మీద పుండ్లు మానడం లేదని దవాఖానలో చెబితే, నర్సింలు ఎడ్లను అమ్మి ఏసీ కొన్నాడు. మేము డబ్బా తెరిచి స్టాండు, పైపు, స్టెబిలైజరు, వైరు ఖర్చులు చెప్పేసరికి అతని ముఖం మాడిపోయింది.

“ఫిట్టింగ్ ఫిరీ అన్నరు గద సార్! మల్ల గిదేంది?”

“గోడకు తగిలిచ్చుడే ఫ్రీ,” అన్నాను.

అతని తల్లి బాలమ్మ అందుకుంది. “గట్లయితే గోడ సల్లగయితది తియ్. మా ముసలాయన్ని గూడ గోడకే తగిలియ్యుండ్రి!”

“నన్ను తగిలిస్తే గోడ కూలుతదే,” అన్నాడు లోపలి నుంచి కిష్టయ్య.

అందరం నవ్వాం. నర్సింలు పక్కింట్లో అప్పు తెచ్చి నా చేతిలో పెట్టి, “ఇంకేమన్న ఉన్నదా సార్?” అని అడిగాడు. లేదన్నాను.

బయటి డబ్బాను పెరట్లో ఇనుప స్టాండు మీద బిగించాం. దాని ఎదురుగా స్నానాల గది. ఆ రెంటి మధ్య తీగ లాగి దండెం కట్టుకుంటారని చూసినవాళ్లెవరికైనా తెలుస్తుంది. మా పనిలో ప్రతి పెరట్లోనూ అదే చూశాను. స్టాండుకు తీగ కట్టొద్దని ఒక్క మాట అనడానికి ఖర్చేమీ లేదు. కానీ అంటే ఎందుకని అడుగుతారు. అప్పుడు ఎర్తింగు ఊసు వస్తుంది. ఊరుకున్నాను.

దండెం నర్సింలే కట్టాడు. మరుసటి వానాకాలం, ముసురు తెరిపిచ్చిన ఒక ఉదయం బాలమ్మ తడి బట్టలు ఆరేస్తూ ఆ తీగకే అతుక్కుపోయి ప్రాణం విడిచింది. డబ్బా అదురుకు లోపలి వైరు ఒరుసుకుని, స్టాండుకూ దండేనికీ కరెంటు పాకిందని తర్వాత మా ఫిట్టరు విప్పి చూసి చెప్పాడు.

పోలీసులు పంచనామా రాశారు. కరెంటు ఆఫీసు ఇంజనీరు నన్ను పిలిపించి ఆ పెరట్లోనే, ఊరంతా చూస్తుండగా, ఎర్తింగు గురించి వీళ్లకు చెప్పలేదా అని అడిగాడు.

“చెప్పినం సార్. స్టాండుకు దండెం కట్టొద్దని గూడ చెప్పినం.”

నర్సింలు నా వైపు చూశాడు. ఎదురు తిరుగుతాడనుకున్నాను. “సార్ చెప్పిండేమో. నేనే యినలేదేమో,” అన్నాడు.

లోపల మంచం మీది కిష్టయ్య ఆ మాట విన్నాడు.

ఆ రోజు నుంచి కిష్టయ్య కొడుకు చేతి ముద్ద ముట్టలేదని, కోడలు పెడితేనే తిన్నాడని, నర్సింలు దగ్గరికి వస్తే “అమ్మను తిన్నోడా” అని గోడవైపు తిరిగేవాడని ఫిట్టరు చెబుతుండేవాడు. వింటూనే ఉద్యోగం చేశాను. నిజం చెబితే కేసు నా మీదికీ దుకాణం మీదికీ వస్తుందని భయం. నడుము దెబ్బతిని నలభై ఎనిమిదేళ్లకే పని మానేశాక ఆ భయమూ అక్కర లేకపోయింది. అయినా నర్సింలు దగ్గరికి వెళ్లి నిజం చెప్పలేదు. మొన్నటి ఎండాకాలం ఫిట్టరు ఫోను చేసి, కిష్టయ్య పోయాడని, పోయేముందు కూడా కొడుకు పోసిన నీళ్లు ఉమ్మేశాడని చెప్పాడు.

ఏసీ బిగించడానికి అయ్యే ఖర్చంతా డబ్బా తెరవకముందే చెప్పాలి. ఎర్తింగు ముందు చెప్పాలి. అది కుదరదన్న ఇంట్లో ఏసీ బిగించకూడదు. ఈ పనిలో నేను నేర్చుకున్నది అంతే. అది మొదటి రోజే తెలిసి ఉండాల్సిన విషయం.

కిష్టయ్య దినం నాడు ఆ ఊరు వెళ్లాను. అబద్ధం ఊరందరి ముందు చెప్పాను కనుక, నిజం నర్సింలు ఒక్కడి చెవిలో చెబితే చాలదనిపించింది. చుట్టాలంతా భోజనాలకు కూర్చుంటున్నారు. అదే పెరట్లో నిలబడి, ఎర్తింగు సంగతీ దండెం సంగతీ ఆ రోజు నేను చెప్పనే లేదని గట్టిగా అన్నాను. నర్సింలు చేతిలో విస్తరాకుల కట్ట ఉంది.

“చెప్పలేదా సార్?”

“చెప్పలే.”

“నేను యినకపోవుడు గాదా?”

“గాదు. ఇంకేమన్న ఉన్నదా అని నువ్వు అడిగినవ్. నేనే లేదన్న.”

అతను ఆకుల కట్ట కింద పెట్టాడు. “గీ మాట మా నాయిన ఉండంగ జెప్తే బాగుండు గద సార్. ఒక్క బుక్క నా చేతితోని తినేటోడు,” అన్నాడు.

“అప్పుడే రావాల్సి ఉండె, రాలే,” అన్నాను. “మీ అమ్మ పానం పోయింది నా వల్లనే. మీ నాయిన నీకు దూరమైంది నా వల్లనే. నీ తప్పేం లేదు నర్సింలూ. తప్పు నాది. మాఫ్ చెయ్యమని అడుగుతున్న.”