వాలు మీద నిలిపిన జీపు

నా చిన్నప్పుడు మా ఇంటి జీపుకు తాళం చెవితో పెద్దగా పని ఉండేది కాదు. శంషాబాద్ దగ్గర మా ఊళ్లో, ఇంటి పక్కనే ఒక పరుపు బండ దారి వైపు వాలుగా దిగేది. మా చిన్నాయన సాయంత్రం రాగానే జీపును ఆ బండ మీదికి ఎక్కించి, ముఖం కిందికి ఉండేలా నిలిపేవాడు. ముందు చక్రానికి ఒక రాయి అడ్డం పెట్టేవాడు. ఆ రాయికి తాడు కట్టి ఉండేది. పొద్దున ఆయన సీట్లో కూర్చుని చెయ్యి ఊపగానే పక్కన నిలబడి ఆ తాడు లాగడం నా పని. జీపు తనంతట తానే దొర్లేది. కొంత దూరం పోయాక చిన్నాయన గేరు వేసి క్లచ్ వదిలితే ఒక్క కుదుపుతో ఇంజన్ లేచేది. నేను తాడు లాగకపోతే ఆ జీపు కదలదని, అది కదలకపోతే ఊరి కూరగాయలు పట్నం చేరవని గట్టిగా నమ్మేవాణ్ణి.

మొదటి నుంచీ అలా ఉండేది కాదని ఇప్పుడు ఆలోచిస్తే గుర్తొస్తుంది. అంతకు ముందు తాళం తిప్పితే జీపు గర్రుమని ఒక్క ఊపులో లేచేది. తర్వాత తర్వాత బురదలో దిగిన ఎద్దు లేచినట్టు మూలుగుతూ లేవసాగింది. హారను గొంతు బొంగురుపోయింది. సాయంత్రం ఇంటి ముందు ఆగినప్పుడు దీపాలు నూనె అయిపోయిన లాంతరులా ఎర్రబడేవి. చిన్నాయన యాక్సిలరేటర్ తొక్కితే మళ్లీ తెల్లబడేవి. బ్యాటరీ మీద సీసపు కడ్డీల చుట్టూ పచ్చగా, తెల్లగా పొడి పేరుకునేది. నాయనమ్మ స్నానానికి కాచిన నీళ్లలోంచి ఒక చెంబు ముంచుకుపోయి చిన్నాయన దాని మీద పోసేవాడు. ఆ తర్వాత ఒకరోజు వాలు దారి దొరికింది. దాంతో అందరం నిశ్చింతగా ఉండిపోయాం. జబ్బు నయం కాలేదు, కనిపించకుండా పోయింది.

మా తాతకు ఒక కంట్లో పొర బాగా ముదిరి, చూపు దాదాపు పోయింది. రెండో కన్ను కూడా మసకబారుతూ ఉంది. పట్నంలో పెద్దాసుపత్రి చుట్టూ తిరగగా తిరగగా ఆపరేషనుకు ఒక తారీఖు ఇచ్చారు. ఆ రోజు పొద్దున్నే చేరకపోతే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో వాళ్లే చెప్పలేరు. మా ఇంట్లో అందరి మాటలూ ఆ తారీఖు చుట్టే తిరిగేవి. చిన్నాయన మాత్రం "జీపుంది గదా, ఎందుకు పరేషానైతరు" అని కొట్టిపారేసేవాడు. నాయనమ్మ పశువుల కొట్టం దగ్గర పేడ ఎత్తుతూ ప్రతి పొద్దున జీపు వైపు చూసేది.

ఆ తారీఖుకు రెండు రోజుల ముందు జొన్న చొప్ప బండి ఇంటికి వచ్చింది. ఎప్పుడూ కొట్టం వెనక వేసే చొప్పను నాయనమ్మ ఆ రోజు పరుపు బండ మీద వామి వేయించింది. బండ నిండిపోయింది. సాయంత్రం చిన్నాయన వచ్చి చూసి గొణుక్కున్నాడు. చీకటి పడుతోంది, అంత చొప్ప పీకి వేసే ఓపిక ఎవరికీ లేదు. జీపును ఇంటి ముందు సమంగా ఉన్న నేల మీద ఆపాడు. పొద్దునకల్లా మార్కెట్టుకు పోవాలని టమాటా గంపలు కూడా ఎక్కించి పెట్టారు. రాత్రి వాన పడింది.

తెల్లవారి ఆయన తాళం తిప్పాడు. టక్కుమంది. మళ్లీ తిప్పాడు, మళ్లీ టక్కుమంది. అంతే. ఇంట్లో ఉన్న ఆడా మగా, పిల్లా జెల్లా అందరం వెనక చేరి తోశాం. రేగడి మట్టి కాళ్లకు చెప్పుల్లా అతుక్కుంది. జీపు మూరెడు కదిలి, తను తవ్వుకున్న గుంతలోకే తిరిగి జారేది. గంపలు దించి తోశాం. మా మేనత్త జారి మోకాళ్ల మీద పడింది. నాకు ఏడుపొచ్చింది. తోయలేక కాదు, లాగడానికి తాడు లేదు, రాయి లేదు, నా పదవి ఊడిపోయింది. అదంతా నాయనమ్మ వల్లేనని లోలోపల మండిపోయాను. చిన్నాయన లోపల దాచుకునే మనిషి కాదు.

"సొప్ప ఏసెటందుకు నీకు గా జాగనే దొరికిందా అమ్మా? పొద్దుగాల్నే గిట్ల సతాయిస్తివి! టమాటలన్నీ ఖరాబైతున్నయ్!" అని టైరును ఒక తన్ను తన్నాడు.

నాయనమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది. "ఇయ్యాల టమాటలే కదా కొడుకా ఖరాబైనయ్. రేపటికైతే మీ బాపు కన్ను ఖరాబైతుండె. తొవ్వల బండి బందైతే ఎవలు తోస్తరు? ఇరవై ఊర్లల్ల నీకోసం ఎవలన్న బండ పరిచి పెట్టిన్రా? మీ బాపుతోనే తోపిస్తవా, కంటికి గుడ్డ కట్టుకొని?"

అరుగు మీద కూర్చున్న తాత అటు తిరిగి, "నేనైతే తోస్త. ఎటు తోస్తున్ననో జర మీరు చెప్పాలె" అన్నాడు. మేనత్త మట్టి చేతులతోనే మూతి మూసుకుని నవ్వింది. చిన్నాయన మాత్రం నవ్వలేదు. తర్వాత బ్యాటరీ విప్పి, గోనెసంచి చుట్టి, సైకిలు వెనక కట్టుకుని శంషాబాద్ పోయాడు. దాని పని ఎప్పుడో అయిపోయిందన్నారట. కొత్తది తెచ్చి బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. మరుసటి రోజు తాత ముందు సీట్లో, నాయనమ్మ వెనక సీట్లో కూర్చుని ఆసుపత్రికి పోయారు. దారిలో రైలు గేటు దగ్గర చిన్నాయన కావాలనే ఇంజన్ ఆపి, మళ్లీ లేపి, నాయనమ్మ వైపు తిరిగి చూశాడట. ఆమె బయటికి చూస్తూ కూర్చుందట. చొప్ప వామిని ఎవరూ తీయలేదు. ఎండాకాలం పొడుగునా బర్రెలు దాన్ని తినేశాయి. బండ మళ్లీ బయటపడేనాటికి చిన్నాయన సమంగా ఉన్న చోట ఆపడానికి అలవాటుపడిపోయాడు.

ఇదంతా తెలిసిన మనిషిని నేను. అందుకే పోయిన నెల జరిగినదాన్ని నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

నేనిప్పుడు షాద్‌నగర్‌లో ఉంటున్నాను. కారు ఉంది, గేర్లు తనే మార్చుకునే రకం. అప్పటికి రెండు నెలలుగా అది పొద్దున లేవడానికి ఆయాసపడుతూ వచ్చింది. తాళం తిప్పగానే ముందున్న దీపాలన్నీ ఒక్కసారి మిణుకుమని చచ్చి బతికేవి. గడియారం ఎప్పుడు చూసినా పన్నెండు దగ్గరికి పోయి కూర్చునేది. అద్దాలు బద్ధకంగా ఎక్కేవి. నా భార్య ఒకటికి రెండుసార్లు, "మీ బండి గొంతు మారింది, జర సూపెట్టరాదుండ్రి" అంది. బండి గురించి నీకేం తెలుసని కసిరాను. ఇంకో కారు నుంచి కరెంటు తెచ్చుకునే వైర్లు కొని డిక్కీలో పడేశాను. నా వాలు బండ నా డిక్కీలో ఉంది కదా అని ధీమా. బయటికి పోతే ఇంజన్ ఆపకుండా పని చూసుకొచ్చేవాణ్ణి. బంకులో ఇంజన్ ఆపమంటారు కాబట్టి పెట్రోలు పోయించడం కూడా వాయిదా వేస్తూ వచ్చాను. రాసుకుంటుంటే నాకే సిగ్గుగా ఉంది.

మా చిన్నమ్మాయికి పుణెలో ఉద్యోగానికి ఆఖరి ఇంటర్వ్యూ, ఆ మధ్యాహ్నమే. పొద్దున విమానం. నేనే దింపుతానని బయల్దేరదీశాను. విమానాశ్రయం ఉన్న శంషాబాద్ ఇంకా రానేలేదు, పెట్రోలు ముల్లు అడుగంటింది. వేరే దారి లేక బంకులోకి తిప్పాను.

"ఇంజన్ బంద్ చెయ్యన్నా" అంది పెట్రోలు పోసే ఆమె.

"ఉండనీ అమ్మా, పర్వాలేదు" అన్నాను.

"నీకు పర్వా లేకుంటే ఏంది, మాకు పానాలు లేవా?" అంది.

ఆపాను. పెట్రోలు పోశారు. తాళం తిప్పాను. టక్కుమంది. ఇన్నేళ్ల తర్వాత అదే చప్పుడు. వెనక బండ్లు హారన్లు మొదలుపెట్టాయి. నలుగురు దిగి పక్కకు తోశారు. తోస్తే లేస్తుందేమోనని నేను లోపల కూర్చుని ఆశగా చూస్తుంటే, "ఆటోమేటిక్ గదన్నా ఇది, ముంబై దాక తోసినా లేవది" అన్నాడొకాయన. ఒక వ్యాను డ్రైవరును బతిమాలి వైర్లు తీశాను. నెలల తర్వాత బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ మీద అదే పచ్చటి, తెల్లటి పొడి. "ఏందన్నా, ఉప్పు పండిస్తున్నవా?" అన్నాడతను. ఎంత గీకినా వైర్లు సరిగా పట్టలేదు. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మా నెత్తి మీదుగా విమానాలు ఒకదాని వెనక ఒకటి కిందికి దిగుతూనే ఉన్నాయి. క్యాబ్ వస్తానని రాలేదు. చివరికి ఆటో దొరికింది. మేం చేరేసరికి కౌంటరు మూసేశారు.

తిరుగు దారిలో మా అమ్మాయి, "నీకు ముందే తెలుసా నాన్నా?" అని అడిగింది. తెలుసు బిడ్డా అన్నాను. అబద్ధం చెప్పి ఉంటే ఇద్దరికీ తేలిగ్గా ఉండేది. ఆ ఉద్యోగం వేరేవాళ్లకు పోయింది. ఇంటికొచ్చి నా భార్యకు క్షమాపణ చెప్పాను. ఆమె అన్నం వడ్డిస్తూ, "గిది బండి సంగతేనా, ఇంకేమన్న ఉన్నయా?" అంది. చాలానే ఉన్నాయి. ఒక్కొక్కటే చెబుతున్నాను.

నాయనమ్మ ఆ రోజు చిన్నాయనకు బ్యాటరీ గురించి ఏమీ నేర్పలేదు. చిన్నాయనకు అదంతా తెలుసు, నాకూ తెలుసు. ఆమె చేసిందల్లా మా వాలును మూసేయడం. నాకిప్పుడు వాలు మూసేవాళ్లు ఎవరూ లేరు, నేనే మూసుకోవాలి. నిన్న మా అమ్మాయికి ఇంకో ఇంటర్వ్యూ పిలుపొచ్చింది, వచ్చే వారం ప్రయాణం. కొత్త బ్యాటరీ వేయించాను. అయినా ఈ పొద్దున ఒక్కణ్ణే బంకుకు పోయి, ఎవరూ చెప్పకముందే ఇంజన్ ఆపి, మళ్లీ తాళం తిప్పినప్పుడు వచ్చే చప్పుడు వినడానికి అద్దం దించుకుని కూర్చున్నాను.