దించేది ఎన్నో ఫ్లోర్?

మా పై వాటాలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తున్నారు. పొద్దున్నుంచీ ప్యాకింగ్ టేపు చర్రున లాగుతున్న చప్పుడు వినిపిస్తోంది. కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి చూస్తే కింద చిన్న లారీలోకి సామాను ఎక్కుతోంది. రెండు మంచాలు, కూలరు, భోజనాల బల్ల. నాకు తెలియకుండానే బల్ల పక్కన కుర్చీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కువైట్ వదిలి వచ్చి చాలా ఏళ్ళయినా ఈ అలవాటు మాత్రం వదల్లేదు. కాకినాడలో ఇప్పుడు నా పని చిన్న చిన్న వ్యాపారాలకి ఆన్‌లైన్‌లో గిరాకీ వెతికిపెట్టడం. మా ఆఫీసులో కుర్రాళ్ళు దాన్ని 'లీడ్స్' అంటారు. నాకు ఈ విద్య నేర్పిన నర్సయ్య అన్నకి ఆ మాట తెలియదు. ఆయనకి చదవడమే రాదు.

నర్సయ్య అన్నది జగిత్యాల దగ్గర పల్లె. కువైట్‌లోని ఖైతాన్‌లో రెండు హాఫ్ లారీలు నడిపేవాడు. అక్కడ సామాను మోసే చిన్న ట్రక్కుని అలాగే అంటారు. ఒకటి తనే నడిపేవాడు, రెండోది పని లేక సందులో దుమ్ము తాగుతూ ఉండేది. నేను పనిచేస్తున్న కంపెనీ మూతపడి, అక్కడ ఉండటానికి కావాల్సిన ఇఖామాకి ఇంకా మూడు నెలలే గడువు మిగిలినప్పుడు ఎవరో చెబితే ఆయన దగ్గరికి వెళ్ళాను. నాకు పూచీపడి కాగితాలు పెట్టాల్సిన కువైటీ, అంటే నర్సయ్య అన్న కఫీల్, ఒకే ఒక్క మాట అన్నాడు. మూడు నెలల్లో రెండో బండికి రోజూ పని కనబడితే నన్ను పెట్టుకుంటాడు, లేదంటే బండిని అమ్మేస్తాడు, నేను ఇంటికి పోవాలి. బండి తిరిగితే నేనుంటాను, ఆగితే నేనూ ఆగిపోతాను. అంత సూటిగా ఉండేది నా బతుకు.

నాకు కంప్యూటర్ వచ్చు కదా అని, ఇంటర్నెట్ కేఫ్‌లో కూర్చుని ఉచిత ప్రకటనల సైట్లో మా గురించి గొప్పగా రాశాను. వేగం, భద్రత, నమ్మకం, ఇంకా ఇంగ్లీషులో నాకు తెలిసిన మంచి మాటలన్నీ. గంట తిరిగేసరికి అలాంటి ప్రకటనలే ఇంకో యాభై వచ్చి మాది అడుగున పడింది. వారం రోజుల్లో రెండే ఫోన్లు వచ్చాయి. అందులో ఒకటి మాకే లారీ అమ్ముతానని.

నర్సయ్య అన్న నా పక్కన పాలు లేని సులేమానీ చాయ్ తాగుతూ ఇదంతా చూశాడు. "తమ్మీ, దుకాణం తెరిసి కూసుంటే ఎవడత్తడు? ఇల్లు కదిలేటోడు ఏడున్నడో మనమే సూడాలె. గా కంప్యూటర్ డబ్బల మంది ఏమేం అమ్ముతున్నరో సదువు."

అప్పటిదాకా ఆ సైట్లో పాత సామాన్లు అమ్మే పేజీ వైపు నేను చూడనే లేదు. చదవడం మొదలుపెట్టాను. ఆరు సింగిల్ మంచాలు, ఒక చిన్న ఫ్రిజ్ అన్నాను. "అది ఇల్లు గాదు, కంపెనీ రూమ్. క్యాంపు మారుస్తున్నరు. ఫోన్ కొట్టు." అహ్మదిలో ఒక ఇంజినీరు సోఫా, టీవీ, అల్మరా అన్నీ అమ్ముతున్నాడు, వాషింగ్ మెషీన్ తప్ప. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "దేశమిడిసి పోయేటోడు గదే ముందుగాల అమ్ముతడు. ఈయన పోతలేడు, చిన్న ఇంట్లకు మారుతున్నడు." ఫోన్ చేస్తే అక్షరాలా అదే. ఇంకొకడు కొత్తగా ఉన్న ట్రెడ్‌మిల్ అమ్ముతున్నాడంటే మాత్రం చెయ్యి ఊపేశాడు. "ఆయన ఏడికీ పోడు. బట్టలారేసుకునుటానికి జాగ కావాలె, గంతే."

ఆ రోజు నుంచి పొద్దున్నే కేఫ్ తెరవగానే అరగంట ఇదే మా పని. నేను వార్తలు చదివినట్టు చదువుతాను, ఆయన వింటాడు. అమ్మేవాడికే కాదు, కొన్నవాడికీ బండి కావాలని చూపించింది కూడా ఆయనే. "కొన్నోడు సోఫాను నెత్తిన పెట్టుకోని పోతడా?" అనేవాడు. అందుకని అమ్మేవాళ్ళకి ఫోన్ చేసి, బేరం కుదిరాక మా నంబరు కొన్నవాళ్ళకి ఇవ్వమని అడిగేవాణ్ణి. సగం మంది చిరాకుపడి పెట్టేసేవాళ్ళు. ఆయన లెక్క తప్పిన రోజులూ లేకపోలేదు. ఒకతను సరికొత్త డబుల్ కాట్ అమ్ముతుంటే "పెండ్లాం అత్తున్నది, పెద్ద ఇంట్లకు పోతున్నడు" అన్నాడు. తీరా వెళ్ళి చూస్తే మంచం నిండా నల్లులు. దాన్ని ముట్టకుండా వెనక్కి వచ్చాం. ఆ మాట ఎత్తితే చాలు, చాలా రోజులు ఆయన మొహం పక్కకి తిప్పేసుకునేవాడు.

రెండో నెల సగంలో రిగ్గై ప్రాంతం నుంచి ఒక ప్రకటన కనబడింది. పెద్ద బీరువా, పిల్లల చదువు బల్ల, భోజనాల బల్ల, ఐదు కుర్చీలు. "బల్ల ఎంతమందిది?" అని అడిగాడు నర్సయ్య అన్న. ఆరుగురిది అని రాసి ఉంది. "మరి ఆరో కుర్చీ ఏమైంది?" అన్నాడు. విరిగి ఉంటుందన్నాను. ఆయన ఒప్పుకోలేదు. విరిగితే తక్కువ ధర అని రాసేవారట, ఈ కుర్చీని కావాలనే ఉంచుకున్నారట. ఆ కుర్చీ ఆయన్ని రోజంతా వదల్లేదు. మంచాలు కడుతున్నా, టైరులో గాలి చూస్తున్నా అదే ధ్యాస.

నేను ఫోన్ చేశాను. ఫోన్ తీసినావిడ తెలుగావిడ, మా గోదావరి యాస. ఆసుపత్రిలో నర్సునని చెప్పింది. మనవాళ్ళే కదా అన్న చనువుతో ఉత్సాహంగా అడిగేశాను. "ఎందుకు ఖాళీ చేస్తున్నారండీ? ఫైనల్‌గా ఇంటికెళ్ళిపోతున్నారా?"

 ఆవిడ టక్కున ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

నర్సయ్య అన్న నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "తమ్మీ, నాకూ తెలుసుకోవాలనే ఉంటది. నీకన్న ఎక్కువ ఉంటది. గని ఎందుకని అడుగద్దు. ఇల్లు కదిలేటోళ్ళకు ఆ ఒక్క మాటకే జవాబు ఉండదు. రెండే మాటలడుగు. ఎక్కించేది ఎన్నో ఫ్లోరు, దించేది ఎన్నో ఫ్లోరు. గా రెండు మాటలల్ల అంతా ఉంటది."

మర్నాడు తన ఫోన్ నుంచి తనే చేశాడు. "అమ్మా, సామాను బండి నర్సయ్యను. ఎక్కించేది ఎన్నో ఫ్లోర్?" మూడు, లిఫ్ట్ లేదు అందావిడ. "దించేది?" హాస్టల్, రెండో ఫ్లోర్ అంది. ఆయన సరేనమ్మా అన్నాడు. ఇంకొక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. ఇంటి నుంచి హాస్టల్‌కి అంటే కుటుంబం లేకుండా ఒంటరిగా మారడమని నాకు అప్పుడు తెలిసింది. అంతకు ముందురోజు నేనడిగింది గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

శుక్రవారం వెళ్ళాం. అమ్మిన సామాను కొన్నవాళ్ళ ఇంటికి, ఆవిడ పెట్టెలు హాస్టల్‌కి. ఖాళీ అయిన గదిలో ఆరో కుర్చీ ఒక్కటే మిగిలింది. నర్సయ్య అన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కాళ్ళు చూశాడు, వీపు తట్టి చూశాడు. విరగలేదు. పెదవి మీదికి వచ్చిన మాటని మింగేసి, దుప్పటి చుట్టి భుజాన పెట్టుకున్నాడు. ఆ పెద్దమనిషి కుతూహలంతో ఎంత సతమతమయ్యాడో నేను పక్కనుండి చూశాను.

హాస్టల్ గదిలో దాన్ని కిటికీ పక్కన పెట్టమంది ఆవిడ. పెట్టాక, ఎవరూ అడక్కుండానే చెప్పింది. "ఆయన ఉద్యోగం పోయిందండి. పిల్లల్నీ ఆయన్నీ నర్సాపురం పంపించేశాను. ఈ కుర్చీలో కూర్చునే మా చిన్నోడికి అన్నం పెట్టేదాన్ని. కంప్యూటర్లో మాట్లాడేటప్పుడు వాడు కుర్చీ చూపించమంటాడు. అది కనబడితే, అమ్మ ఇంట్లోనే ఉందనుకుంటాడు."

నర్సయ్య అన్న తల ఊపాడు. మెట్లు దిగి బండి దగ్గరికొచ్చాక తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. నేనూ మొహం తిప్పుకున్నాను.

ఆ సిస్టర్ మా నంబరు ఆసుపత్రి నర్సులకి, వాళ్ళ చర్చిలో వాళ్ళకి చెప్పింది. ఒక నర్సు మా గురించి ఆ సైట్లో నాలుగు మంచి మాటలు రాసింది. నేను రాసుకున్న గొప్పలన్నిటికన్నా ఆ నాలుగు వాక్యాలకే ఎక్కువ ఫోన్లొచ్చాయి. మూడో నెల ముగిసేలోపు రెండో బండికి తీరిక లేకుండా పోయింది. కఫీల్ నా కాగితం పెట్టాడు.

అలా నాలుగేళ్ళు గడిచాయి. కేఫ్ పోయి లాప్‌టాప్ వచ్చింది, పొద్దున్నే నా చదువు, ఆయన వినడం మాత్రం మారలేదు. ఒకరోజు ఎప్పటిలాగే చదువుతున్నాను. గ్యాస్ స్టవ్, పిల్లల సైకిలు, రెండు పరుపులు. తర్వాతది హాఫ్ లారీ, బాగా నడుస్తున్నది, ఒకే యజమాని. ఇది మన పేజీలోకి ఎందుకొచ్చిందా అనుకుంటూ కింద ఫోన్ నంబరు కూడా పైకే చదివాను. చివరి అంకెల దగ్గర చదవడం ఆపేశాను. అది నర్సయ్య అన్న నంబరు. ఎవరిచేతో రాయించి పెట్టాడు. నోటితో చెప్పడం చేతకాక, నేను రోజూ చదివే చోట పెట్టాడని అర్థమైంది.

ఆయన చాయ్ గ్లాసులోకే చూస్తున్నాడు. ఆయనకి ఒంట్లో బాగోలేదా, అప్పులా, పిల్లలా, కఫీల్‌తో గొడవా, మరి నా ఇఖామా ఏమవుతుంది, అన్నీ ఒకేసారి తలలోకి వచ్చాయి. ఎందుకన్నా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"దించేది ఎన్నో ఫ్లోర్ అన్నా?" అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. "కింది ఫ్లోరే తమ్మీ. ఊళ్ళె ఇల్లు గద. మెట్లు లేవు."

విమానాశ్రయానికి వెళ్ళే దారిలో, నేనడక్కుండానే మిగతాది చెప్పాడు. కళ్ళు మసకబారుతున్నాయి, సిగ్నల్ దగ్గర రెండుసార్లు ప్రమాదం తప్పింది, ఇంకొకరి సామానుతో ఆడుకోవడం తప్పు అనుకున్నాడు. "అమ్మింది నా బండినే. రెండోది నీది, కఫీల్‌తోని మాట్లాడిన" అన్నాడు. ఆయన సామానంతా ఒకే సంచీ. దాన్ని దించింది నేనే.

మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు గిరాకీని అడగాల్సిన ప్రశ్నల జాబితా తయారుచేసి తెస్తే, 'కారణం' అన్న గడి మీద అడ్డంగా గీత పెట్టి ఇస్తాను. ఎందుకండీ అని అడుగుతాడు. ఆ 'ఎందుకు'ని కూడా కొట్టేయమంటాను.

కింద లారీ పక్కన నాలుగు కుర్చీలున్నాయి. బల్ల నలుగురిదే. అయినా చెప్పులేసుకుని పైకి వెళ్ళాను. పై వాటా ఆవిడ గుమ్మంలో ఒక్కతే నిలబడి ఉంది. ఏం కావాలన్నట్టు చూసింది.

"బీరువా బరువుగా ఉంటుందమ్మా, ఓ చెయ్యి వేస్తాను" అన్నాను. "దించేది ఎన్నో ఫ్లోర్?"